పాత మదర్సా పైకప్పు

మా తమ్ముడు నర్సింగ్‌కు పొద్దున ఆరు గంటలకే ఫోన్ చేసే అలవాటుంది. పాలవాళ్ల ఇంట్లో పుట్టినవాడికి ఆరు గంటలంటే సగం పని అయిపోయిన వేళ. నేను ఇంకా దుప్పటిలోనే ఉంటానని తెలిసి కూడా చేస్తాడు. ఆ రోజు హలో అనకుండానే "అక్కా, మన ఇల్లు పేపర్ల పడ్డది" అన్నాడు. జల్‌పల్లిలో వాడు కట్టుకున్న రెండు గదుల ఇంటికి ఏ నోటీసో వచ్చిందేమో అనుకున్నాను. "గా ఇల్లు కాదే. మన పాతిల్లు, మదర్సా. మస్తు మంచిగ చేసిండ్రంట. ఆదివారం పొద్దుగాల తిప్పి చూపిస్తరంట. పోదాం పా" అన్నాడు. మోకాళ్లు నొస్తున్నాయన్నాను. ఆటోలో తీసుకుపోతానన్నాడు. ఎండ అన్నాను. పొద్దున్నే ఎండ ఎక్కడిదని అడిగాడు. నా దగ్గర సాకులు అయిపోయాయి. సైదాబాద్‌లో నేనుండే ఇంటి నుంచి అక్కడికి ఆటోలో పావుగంట కూడా పట్టదు. అయినా నలభై ఏళ్లకు పైగా నేను ఆ గల్లీలో అడుగు పెట్టలేదు. ఇది నర్సింగ్ ఎప్పుడూ గమనించలేదు, గమనించినా అడగలేదు.

యాకుత్‌పురా స్టేషన్‌కు కూతవేటు దూరంలో, ఒక ఇరుకు గల్లీ చివర ఉంటుంది ఆ కట్టడం. సుల్తానుల కాలంలో చదువు కోసం కట్టించారని చెబుతారు. అసలు పేరేదో గుమ్మం మీది రాతిలో ఫారసీలో చెక్కి ఉంది కానీ, బస్తీలో ఎవరికీ ఆ పేరుతో పని పడలేదు. అందరికీ అది పాత మదర్సా. మధ్యలో పెద్ద ఆవరణ, ఆవరణ చుట్టూ కమాన్ల వరస, ప్రతి కమాను వెనుక ఒక లోతైన గది. ఒకప్పుడు ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు ఆ గదుల్లో ఉండి చదువుకునేవారట. నాకు ఊహ తెలిసేనాటికి తూర్పు వైపు నాలుగు గదుల్లో మాత్రమే చదువు మిగిలింది. ఉత్తరం వైపు చివరి రెండు కమాన్లు మావి. ఒకదాంట్లో మేము, రెండోదాంట్లో బర్రెలు. ఏది ఎవరిదో బర్రెలకు ఒక్కోసారి గుర్తుండేది కాదు. మా ఇంటి కప్పు మీద సున్నంతో చేసిన పూలు, తీగలు, మధ్యలో ఒక పెద్ద గుండ్రటి పువ్వు ఉండేవి. వెల్లకిలా పడుకుంటే ఆ పువ్వు సరిగ్గా నా ముఖం మీదికి వచ్చేది. రాజుల ఇంటి కప్పు కింద పేడ వాసనలో పడుకుని పెరిగిన మనిషిని నేను.

అక్కడ పొద్దు మొదలయ్యేది చప్పుళ్లతో. మొదట మా బాపు దగ్గు, ఆ వెంటనే తపేలాలో పాలధార చర్రుమనే చప్పుడు. కాసేపటికి తూర్పు గదుల్లోంచి పిల్లలు ముందుకూ వెనక్కూ ఊగుతూ పాఠం చదివే గొంతులు. ఆ ఊపుకు, బాపు పాలు పిండే ఊపుకు ఏదో ఒప్పందం ఉన్నట్టు ఉండేది. అమ్మ కుంపటి రాజేసి, నిన్నటి పేడను వెనుక గోడకు పిడకలుగా కొట్టడానికి పోయేది. మాగిన గడ్డి, కాగే పాలు, పిడకల పొగ, తూర్పు గదుల నుంచి పాత పుస్తకాల వాసన, శుక్రవారమైతే అత్తరు, ఇవన్నీ కలిసిందే నాకు ఇల్లు. శుక్రవారం పుట్టిన దూడకు మదర్సా పిల్లలు జుమ్మా అని పేరు పెట్టారు. అది పెరిగి పెద్ద బర్రె అయ్యి, మా ఇంట్లో అందరికంటే ఎక్కువ గౌరవం సంపాదించింది. పెద్ద మౌల్వీ సాబ్ ఎదురైతే దారి ఇవ్వని ప్రాణి ఆవరణ మొత్తంలో అదొక్కతే.

మౌల్వీ సాబ్ మదర్సాకు పెద్ద. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ లేని తెల్లటి కుర్తాలో ఉండేవాడు. మా తాత కాలంలో ఎక్కడా జాగా దొరక్క బర్రెలతో గల్లీలో నిలబడితే, ఖాళీగా పడి ఉన్న ఆ రెండు కమాన్లను చూపించింది ఆయనే. కిరాయి మాట ఎత్తితే వద్దన్నాడట. "పైసా నక్కో. ఏటా వానలకు ముందుగాల్ల ఈ ఛత్తుకు సున్నం పెట్టాలె. మొత్తం ఛత్తుకు, మీ రెండు కమాన్లకే కాదు. అదే కిరాయి" అన్నాడట. ఛత్తంటే పైకప్పు. సున్నం ఎట్లా కలపాలో కూడా ఆయనే నేర్పించాడు. ఆయనకు ఆయన గురువు చెప్పాడట, ఆ గురువుకు ఎవరు చెప్పారో తెలియదు. మా తాత దగ్గరి నుంచి ఆ పని బాపుకు వచ్చింది. బాపుకు అక్షరం ముక్క రాదు కానీ, ఆ పాళ్లు మాత్రం ఉర్దూలో గడగడా ఒప్పజెప్పేవాడు. ఎంత సున్నానికి ఎంత ఇసుక, ఎన్ని కరక్కాయలు, ఎంత బెల్లం, ఎన్ని మారేడు పండ్ల గుజ్జు. ఆ వరసలో చివరిది పుల్లటి మజ్జిగ. పాలవాళ్లకు ఆ పని ఎందుకు అప్పజెప్పాడో అక్కడ తెలుస్తుంది.

హోళీ వెళ్లిందంటే మా ఆవరణలో సున్నం పని మొదలైనట్టే. సున్నాన్ని గుంటలో నానబెట్టేవారు. ఒక బానలో కరక్కాయలు, బెల్లం నీళ్లలో ఊరుతుండేవి. ఇంకో రెండు బానల్లో అమ్మ రోజూ మిగిలిన మజ్జిగను పోస్తూ పోయేది. వారం తిరిగేసరికి ఆ బానలు బుసబుసమని పొంగేవి. ఆ వాసన ఎట్లా ఉండేదని చెప్పను? పులిసిన మజ్జిగ, మురిగిన బెల్లం, మారేడు పండు, సున్నపు ఘాటు, అన్నీ కలిసి గల్లీ మలుపు దాకా వచ్చి మనుషులను పలకరించేది. తర్వాత గానుగ. గుండ్రటి రాతి కాలువలో సున్నం పోసి, పెద్ద రాతి చక్రాన్ని జుమ్మాతో లాగించేవాడు బాపు. జుమ్మా నాలుగు చుట్లు తిరిగి ఆగేది. బాపు బతిమాలితే ఇంకో నాలుగు. మధ్యాహ్నం నమాజు అయ్యాక మౌల్వీ సాబ్ వచ్చి ముక్కాలి పీట మీద కూర్చుని, చిటికెడు సున్నం తీసి బొటనవేలి గోరు మీద రాసేవాడు. గరుకు తగిలిందా, చెయ్యి ఊపేవాడు. "అభీ నై హువా, కొమురయ్యా. ఇంక తిప్పు." బాపు "హౌ సాబ్" అని మళ్లీ జుమ్మాను బతిమాలేవాడు. గోరు మీద వెన్నలా జారిన రోజున మౌల్వీ సాబ్ ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయేవాడు. అదే మెప్పు. ఆ రోజు అమ్మ పాయసం వండేది.

వానలు తెచ్చే మిరుగు కార్తె రాకముందే కప్పు మీద పూత పడిపోవాలి. బస్తీలోని ఆడవాళ్లు పది మంది వచ్చి, వరసగా కూర్చుని, చెక్క పలకలతో ఆ పూతను రోజుల తరబడి కొట్టేవారు. సాయిబుల ఇళ్లవాళ్లు, మాలాంటి ఇళ్లవాళ్లు, ఎవరి పాట వాళ్లది, దెబ్బ మాత్రం అందరిదీ ఒక్కటే. అమ్మ వాళ్లకు పెద్ద. కొడుతూ పోతే పూతలోని నీరు పైకి వచ్చి అద్దంలా మెరిసేది. దాని మీద ఇంకాస్త బెల్లం నీళ్లు చల్లి మళ్లీ కొట్టేవారు. వానలు వచ్చాక ఆ కప్పు కింద చుక్క పడితే ఒట్టు. ఇది నేను గొప్ప కోసం చెప్పడం లేదు. చుట్టుపక్కల కొత్తగా కట్టిన ఇళ్లన్నీ కారుతుంటే, మా బర్రెలు పొడిగా నిలబడి నెమరేసేవి.

ఇక నా సంగతి. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. మౌల్వీ సాబ్ ఒత్తిడి చేసి నన్ను సర్కారు తెలుగు బడిలో వేయించాడు. "లడ్కీ తేజ్ హై. పేడ ఎత్తనీకి పుట్టలే" అని బాపుతో అన్న మాట నాకు బాగా గుర్తు. ఆ తేజ్, ఆ చురుకుతనం, నా తలకెక్కింది. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి నాకు అన్నీ తెలుసు. మా సైన్సు పుస్తకంలో సిమెంటు గురించి ఒక పాఠం ఉండేది. అదే ఏడు, సున్నం నానే కాలంలో, నా స్నేహితురాలు సుశీల మొదటిసారి మా ఇంటికి వచ్చింది. వాళ్ల నాన్న బ్యాంకులో పనిచేసేవాడు. ఆవరణలోకి అడుగు పెట్టగానే ఓణీ చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. పాపం, మర్యాద తెలిసిన పిల్ల, ఒక్క మాట కూడా అనలేదు. అమ్మ ఇచ్చిన పాలు తాగకుండా, చెంగు తీయకుండా, ఐదు నిమిషాలు కూర్చుని వెళ్లిపోయింది. మర్నాడు బడిలో ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు నా పక్క బల్ల మీద నుంచి జరిగి కూర్చున్నారు. సుశీల చెప్పిందో, వాళ్లే కనుక్కున్నారో. నాకు చచ్చిపోవాలనిపించింది. ఆ వయసులో చచ్చిపోవాలనిపించడానికి ఎంతో అక్కర్లేదు కానీ, అనిపించిన మాట నిజం.

అంతకు ముందటి చలికాలంలోనే మౌల్వీ సాబ్ పోయాడు. నాలుగు గదుల చదువు కూడా వేరే చోటికి మారిపోయింది. ఇక గోరు మీద రాసి చూసేవారు లేరు. బడిలో అట్లా జరిగిన రోజు సాయంత్రం బాపు బర్రెకు దాణా పెడుతుంటే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. "బాపు, ఈ ఏడు సున్నం వద్దు. సిమెంటు ఏద్దాం" అన్నాను. "మాటిచ్చినం కద బిడ్డా" అన్నాడు బాపు. "ఛత్తు కారొద్దనే కద మాటిచ్చింది? సిమెంటు సున్నం కంటె గట్టిది. మా బుక్కుల ఉన్నది. ఒక్కసారి ఏస్తే ఇరవై ఏండ్లు సూడ పన్లేదు. మౌల్వీ సాబ్ గురువు జమానల సిమెంటు యాడిది? ఉంటె ఆయన గదే ఏయిస్తుండె." బాపు దాణా తొట్టిలో చెయ్యి పెట్టి చాలాసేపు కలుపుతూ ఉండిపోయాడు. అమ్మ కుంపటి దగ్గరి నుంచి "ఏంది లొల్లి, ఇన్నేండ్లు మంచిగుంటలేదా?" అంది. నేను ఆ రోజు అన్నం తినలేదు. మర్నాడూ తినలేదు. మూడో రోజు పొద్దున బాపు మజ్జిగ బానలను తానే మోరీలో వంపేశాడు. "సదువుకున్న బిడ్డ చెప్తున్నది, తెల్వకుంట చెప్తదా?" అని అమ్మతో అన్నాడు. ఆ మాట విని నేను ఎంత పొంగిపోయానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది.

సిమెంటు పని నాలుగు రోజుల్లో అయిపోయింది. పలకల చప్పుడు లేదు, పాటలు లేవు, వాసన లేదు. పని లేకుండా పోయిన ఆడవాళ్లు ఒకరిద్దరు వచ్చి కింద నిలబడి పైకి చూసి వెళ్లారు. బూడిద రంగు కప్పు నున్నగా, గట్టిగా, కొత్తగా ఉంది. బాపు చెప్పుకాలితో దాని మీద తట్టి చూసి, "రాయి లెక్కున్నది" అని మురిసిపోయాడు. ఆ ఏటి వానలకు చుక్క కారలేదు. అదే ఏడు నర్సింగ్ పుట్టాడు. రెండో ఏడు కప్పు మీద వెంట్రుకంత సన్నటి గీతలు కనబడ్డాయి. మూడో ఏడు మా గదిలో, గుండ్రటి పువ్వు చుట్టూ తడి మరక మొదలైంది. పైన వాన వెలిసి నెల గడిచినా ఆ మరక ఆరేది కాదు. సన్నటి గీతల్లోంచి దిగిన నీళ్లు బయటికి పోయే దారి లేక లోపలే ఊరుతున్నాయని అప్పుడు మాకెవరికీ తెలియదు. సున్నపు తీగలు ఉబ్బాయి. ఒక రేకు రాలింది. తర్వాత ఇంకోటి. అమ్మ వాటిని పారేయకుండా గూట్లో దాచేది. ఒక మధ్యాహ్నం, అందరం ఆవరణలో ఉండగా, లోపల పెద్ద చప్పుడైంది. దుమ్ము సద్దుమణిగాక చూస్తే పువ్వు లేదు, సగం కప్పు లేదు. నేను పడుకునే చోట రాళ్లు, సున్నం ముక్కలు కుప్పగా ఉన్నాయి. పసివాడు నర్సింగ్ అమ్మ చంకలో ఉండి చప్పట్లు కొట్టాడు.

ఆ తర్వాత నెల తిరగకముందే బాపు బర్రెలను అమ్ముకుని, జుమ్మాను మాత్రం ఉంచుకుని, జల్‌పల్లి వైపు ఒక చిన్న ముక్క జాగాలోకి మమ్మల్ని మార్చాడు. అడిగినవాళ్లందరికీ "సర్కారోళ్లు ఖాళీ చెయ్యుమన్నరు" అని చెప్పాడు. ఎవరూ చెయ్యమనలేదు. నర్సింగ్ మాత్రం ఆ మాట విని పెరిగాడు. మమ్మల్ని వెళ్లగొట్టారని వాడికి ఇప్పటికీ కోపం. బాపు నన్ను ఒక్క మాట అనలేదు. నన్ను కాలేజీకి పంపించాడు. టెలిఫోన్ ఆఫీసులో ఉద్యోగం వస్తే లడ్డూలు పంచాడు. పోవడానికి ముందు ఏడాది, మంచంలో ఉండగా, ఒకరోజు నేను పక్కన కూర్చుని పండు ఒలుస్తున్నాను. "మొన్న ఒక పాత మేస్త్రి కలిసిండు" అన్నాడు ఉన్నట్టుండి. "సున్నం ఊపిరి తీసుకుంటదంట బిడ్డా. సిమెంటు తీసుకోదంట." అని గోడ వైపు తిరిగాడు. నేను పండు ఒలవడం ఆపలేదు. తప్పు నాది బాపు అని ఆ గదిలో అంటే సరిపోయేది. ఇద్దరమే ఉన్నాం. అనలేదు. అది నా జీవితంలో నేను చేసిన అతి పెద్ద పిరికిపని.

ఇదంతా మోసుకుని ఆదివారం పొద్దున నర్సింగ్ ఆటోలోంచి దిగాను. గల్లీ సగం వరకు బండలు పరిచారు. గుమ్మం దగ్గర పది పన్నెండు మంది, చేతుల్లో నీళ్ల సీసాలు, మెడల్లో కెమెరాలు. అక్కడ చూపించే అమ్మాయి పేరు నస్రీన్. పాతికేళ్లుంటాయి. ఇక్కడి పిల్లే, కట్టడాల చదువు చదువుకుని, ఈ మరమ్మతు పనిలో మూడేళ్లుగా ఉందట. లోపలికి అడుగు పెట్టగానే నాకు ముందు తగిలింది వాసన. ఒక మూలన గుంటలో సున్నం నానుతోంది. పక్కన ప్లాస్టిక్ డ్రమ్ముల్లో బెల్లం, కరక్కాయ పొంగుతున్నాయి. ఒకామె కర్చీఫ్ ముక్కుకు పెట్టుకుంది. నేను అక్కడే నిలబడి కడుపు నిండా పీల్చుకున్నాను. అరవై దాటిన మనిషి మురిగిన బెల్లం ముందు కళ్ల నీళ్లు పెట్టుకుంటే బాగుండదని కొంగుతో తుడుచుకున్నాను.

నర్సింగ్ మాత్రం ఊరుకునే రకం కాదు. "మేడం, ఇది మా ఇల్లు. గా కొసకు రెండు కమాన్లు మాయి. మా బాపు ఏటా ఛత్తుకు సున్నం పెడ్తుండె" అని గుమ్మం దగ్గరే మొదలుపెట్టాడు. కెమెరాలవాళ్లు నవ్వుకున్నారు. నస్రీన్ నవ్వలేదు. "నిజంగానా అన్నా? అయితే మీరు నాతోనే ముందుకు రండి" అంది. గదులు చూపించింది. ఇప్పుడు అన్నీ తెల్లగా, ఖాళీగా ఉన్నాయి. ఒక్కోదాంట్లో ఒక్కో దీపం, గోడకు రాతపలక. మా గదిలో కప్పు కొత్తగా కట్టారు. పూలు లేవు, ఉన్నట్టు నటించలేదు కూడా. పక్క కమానులో బర్రెలు నిలబడిన చోట ఇద్దరు పిల్లలు ఫోటో దిగుతున్నారు. ఎంత శుభ్రంగా ఉందో. మా కాలంలో ఇది శుభ్రంగా లేదు, కానీ నిండుగా ఉండేది. ఇప్పుడు కట్టడం బతికింది, దానితో బతికినవాళ్లం పోయాం. ఆ తెల్లటి గదిలో నాకు సంతోషం కలిగింది, ఏడుపూ వచ్చింది. రెంటినీ విడదీయడం నా వల్ల కాలేదు.

ఇరుకు మెట్లెక్కి కప్పు మీదికి వెళ్లాం. నర్సింగ్ నా చెయ్యి పట్టుకుని ఎక్కించాడు. అక్కడ ఒక మూల పాత కప్పును కోసి, చూసేవారి కోసం అద్దం బిగించారు. అద్దం వెనుక, సన్నటి పొరలు ఒకదాని మీద ఒకటి. "ఇగో, ఇది చూడండి" అంది నస్రీన్. "ఒక్కో పొర ఒక్కో ఏడు. ఎవరో ఒక్క ఏడు కూడా తప్పకుండా వేసిండ్రు. మేము ఈ పొరల్లోంచి ముక్క తీసి పరీక్ష చేయించినం. ఇప్పుడు కింద మీరు చూసిన సున్నం, ఇదే పాళ్లతోటి కలిపింది. ఇది లేకపోతే మాకు అసలు తెలిసేదే కాదు." నర్సింగ్ ఛాతీ ఉబ్బింది. నేను అద్దానికి ముఖం ఆనించినంత దగ్గరికి వెళ్లాను. నేను పుట్టిన ఏడు ఎక్కడో అందులో ఉంది. మౌల్వీ సాబ్ గోరు మీద జారిన సున్నం అందులో ఉంది.

"ఇక అన్నిటికంటే పైన, ఈ బూడిద రంగు చూడండి" అంది నస్రీన్. "ఇది సిమెంటు. ఎవరో పని తెల్వనోళ్లు వేసిండ్రు. కింద మీరు చూసిన గది కప్పు కూలింది దీని వల్లనే. మిగతా కప్పంతా దీన్ని ఉలితో గీకి తీసేటందుకే మాకు నెలలు పట్టింది."

నర్సింగ్ గయ్యిమన్నాడు. "మా బాపు సిమెంటు ఏయలే. గా సున్నం ఒక్కటే మా బాపుది. మమ్మల్ని ఎల్లగొట్టినంక ఎవడో ఏసిండు. తెల్వనోడు అంటే బాగుండదు, చెప్తున్న." జనం తిరిగి చూశారు. నస్రీన్ కంగారు పడింది. "మీ బాపును అనలేదు అన్నా, తప్పుగా అనుకోవద్దు" అంది. సంచిలోంచి ఒక నోట్‌బుక్ తీసింది. "మా దగ్గర పాత సంగతులు చెప్పేటోళ్లు ఎవరూ లేరు. మీరు దొరకడమే అదృష్టం. ఈ అద్దం పక్కన ఒక పలక పెట్టాల్సి ఉంది. మీ బాపు పేరు చెప్పండి. సున్నం పొరలు ఆయనవి, సిమెంటు తర్వాత ఎవరో వేసిండ్రని రాస్తా."

"కొమురయ్య" అన్నాడు నర్సింగ్ వెంటనే. "రాయి. యాకుత్‌పుర కొమురయ్య."

నస్రీన్ రాసుకుంటోంది. నేను నోరు మూసుకుని ఉంటే చాలు. బాపు పేరు మచ్చ లేకుండా ఆ గోడ మీదికి ఎక్కుతుంది. నర్సింగ్ ఆ పలకను తన మనవలకు చూపిస్తాడు. ఎవరికి నష్టం? ఆ ఒక్క క్షణం నాకు అది న్యాయంగానే తోచింది. కానీ బాపు చనిపోయేదాకా ఒక అబద్ధాన్ని నా కోసం మోశాడు. ఆయన మోసిన అబద్ధాన్ని ఇప్పుడు రాతి పలక మీద చెక్కించి, దాని చాటున నేను ఇంటికి పోవాలి. అది నాకు చేతకాలేదు.

"మనముండంగనే ఏసిండ్రు తమ్మీ" అన్నాను. "బాపే ఏసిండు. నువ్వు అప్పుడే పుట్టినవ్. ఎవరూ మనల్ని ఎల్లగొట్టలే. కప్పు కూలినంక బాపుకు ఆడ ఉండబుద్ధి కాలే."

నర్సింగ్ నా వైపు తిరిగాడు. వాడి ముఖంలో కోపం కంటే భయం ఎక్కువ కనబడింది. "బాపు ఎందుకేస్తడే? ఆయనకు తెల్వదా?"

"తెలుసు. నేను రెండు రోజులు అన్నం తినలే. సదువుకున్న బిడ్డ చెప్పింది, నిజమే అయ్యుంటదనుకున్నడు." ఇన్నేళ్లుగా దాచుకున్న మాట అంత తేలిగ్గా వస్తుందని నేననుకోలేదు. "మజ్జిగ బానల వాసనొస్తదని సిగ్గుపడ్డ, నర్సింగ్. బడిల పిల్లలు దూరం జరిగిండ్రని."

వాడు తిరిగి అద్దం వెనుక బూడిద పొర వైపు చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లు మర్యాదగా రెండడుగులు జరిగి, చార్మినార్ ఎటువైపు కనబడుతుందో చూసుకుంటున్నారు. చివరికి, "ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదే అక్కా?" అన్నాడు. "బాపు మీద నేను ఒక్కనాడన్న కోపం చేస్తుంటినా?"

"బాపు మీద చేయకపోదువు. నా మీద చేద్దువు" అన్నాను. వాడు కాదనలేదు. కానీ మెట్లెక్కేటప్పుడు పట్టుకున్న నా చెయ్యిని వదలలేదు.

నస్రీన్ పెన్ను ఆపేసి నిలబడి ఉంది. "అమ్మా, మీకు ఇష్టం లేకపోతే సిమెంటు సంగతి అసలే రాయను. సున్నం ఒక్కటే రాస్తా" అంది మెల్లగా.

"రాస్తే రెండూ రాయి బిడ్డా" అన్నాను. "సున్నం మా బాపుది. సిమెంటు నాది."

ఆమె తల వంచి, కొమురయ్య పేరు కింద ఇంకో గీత గీసి, "మీ పేరు?" అని అడిగింది.

కొమురయ్య బిడ్డ యాదమ్మ అని చెప్పాను.